తల నుంచి తోక దాకా

తునికిమడుగు,
భద్రాచలం దాటినంక అడవి దారి,
ఆగస్టు ఆఖరు.

ప్రసూన మేడంకు, సోని నమస్తే.

గుర్తున్ననా అని అడగను. ఇంటర్‌ల మీ దగ్గర జువాలజీ చదువుకున్నోళ్లల్ల, బొద్దింకను కొయ్యమంటే క్లాసు బయటికి ఉరికిన పిల్లను నేనే. ఏన్కూరు దగ్గర తండా. ఇప్పుడు ఇక్కడ గర్ల్స్ హాస్టల్‌కు వార్డెన్‌ను. వచ్చి మూడో ఏడు నడుస్తాంది.

ఫోన్ చెయ్యకుండ ఉత్తరం ఏంది అనుకుంటరేమో. మాకు సిగ్నల్ లేదు. నీళ్ల ట్యాంకు ఎక్కి చెయ్యి లేపి నిలబడితే ఒక గీత వస్తది, హలో అనేలోపల పోతది. ఫొటోలయితే అసలే పోవు. అందుకే మెమొరీ కార్డు కాగితంల చుట్టి పోస్టుల పంపుతున్న.

సంగతేందంటే, ఇక్కడ ఒక చిన్న పురుగు ఉన్నది. వడ్లగింజ అంత ఉంటది. సాయంత్రం లైటు వేస్తే వస్తది. దాన్ని దగ్గర నుంచి ఫొటో తియ్యాలని చూస్తున్న. ఫోన్‌కు తగిలించే చిన్న లెన్సు భద్రాచలంల కొన్న. ఎంత తీసినా సగమే వస్తాంది మేడం. తల మంచిగ వస్తే తోక మసక. తోక మీద పెడితే తల పోతది. నడుము మీద పెడితే రెండు దిక్కులా పొగమంచు. చెయ్యి వణుకుతాందేమో అని గిన్నె బోర్లించి దాని మీద ఫోన్ పెట్టి తీసిన, అయినా గంతే.

మీరు కాలేజీల సీతాకోకచిలుకల ఫొటోలు గోడకు పెట్టేటోళ్లు గదా, మీసాల మీద నూగు గూడ కనపడేది. అట్ల ఎట్ల తీస్తరో జర రాయండి. తల నుంచి తోక దాకా అంతా ఒక్క తీరుగ కనపడాలె. పిల్లలకు చూపియ్యడానికి. సైన్సు ఫేర్ అనుకోండి.

వీలయినంత జల్దీ రాయండి మేడం.

మీ స్టూడెంట్,
సోని


ఖానాపురం హవేలి, ఖమ్మం,
సెప్టెంబర్ మొదటి వారం.

సోనీ,

గుర్తులేకేం! నువ్వు ఉరికింది క్లాసు బయటికి కాదు, గేటు బయటికి. వాచ్‌మన్ పట్టుకొచ్చాడు. తర్వాత ఆ బొద్దింక బొమ్మ అందరికంటే బాగా వేసింది కూడా నువ్వే. చూడకుండా ఎలా వేశావని నేను అప్పుడే అడగాల్సింది.

చేత్తో రాసిన ఉత్తరం నాకొచ్చి ఎన్నాళ్లయిందో. మా ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూసి, కోర్టు నోటీసా అని అడిగారు.

ఫొటోలు చూశాను. తప్పు నీ చేతిది కాదు, లెన్సు స్వభావమే అంత. వస్తువుకి ఎంత దగ్గరగా వెళితే, స్పష్టంగా కనిపించే మందం అంత తగ్గిపోతుంది. దూరంగా ఉన్న కొండని తీస్తే కొండా, దాని ముందున్న చెట్లూ, అన్నీ తేటగానే వస్తాయి. అదే వడ్లగింజ ముందు లెన్సు పెడితే, తేటగా వచ్చేది పలచటి అట్టముక్క అంత మందమే. దానికి ముందున్నదీ మసకే, వెనకున్నదీ మసకే.

అపర్చర్ అని లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం ఉంటుంది. దాన్ని చిన్నది చేస్తే ఆ మందం కొంచెం పెరుగుతుంది. కానీ మరీ చిన్నది చేస్తే ఫొటో మొత్తం ఒకరకంగా మెత్తబడిపోతుంది, పైగా వెలుతురు చాలదు. కాబట్టి ఒక్క ఫొటోలో అంతా పట్టాలనే ఆశ వదిలెయ్యి. పురుగు కదలకుండా ఉన్నప్పుడు ముందు మీసాల మీద ఫోకస్ పెట్టి ఒకటి తీయాలి. తర్వాత వెంట్రుకవాసి వెనక్కి జరిపి ఇంకొకటి. అలా కళ్లు, మెడ, రెక్కలు, పొట్ట, తోక చివర దాకా. ఎన్నయినా పర్వాలేదు. ప్రతి దాంట్లో తేటగా ఉన్న భాగాన్ని మాత్రమే తీసుకుని కంప్యూటర్ ఒకే ఫొటోగా కలుపుతుంది. ఆ పని నేను ఇక్కడ చేస్తాను. నువ్వు చూసుకోవాల్సినవి రెండు: కెమెరా కదలకూడదు, పురుగు కదలకూడదు. మొదటిది మన చేతిలో ఉంది.

ఒక చిట్కా. పురుగుని ఎదురుగా కాక పక్కనుంచి తియ్యి. దాని ఒళ్లు పొడవునా లెన్సుకి ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి సగం పని అక్కడే అయిపోతుంది.

ఇంతకీ ఇదేం పురుగో నాకు తెలియలేదు. ఒక ఫొటోలో చీమలా ఉంది. ఇంకో దాంట్లో మధ్యన నీలంగా ఏదో మెరుస్తోంది, అది చీమకి ఉండదు. ఊహించి చెప్పడం నాకిష్టం లేదు. నువ్వు మాత్రం దాన్ని వట్టి చేత్తో పట్టుకోకు.

సత్తుపల్లిలో మా అమ్మ పామాయిల్ తోట పట్టుకుని అక్కడే ఉంది. మొన్న వెళ్లినప్పుడు గెలల మీద పురుగుల్ని ఫొటో తీస్తుంటే కూలీలతో, "మా అమ్మాయికి చదువు ఎక్కువై పురుగు పట్టింది," అని చెప్పింది. నువ్వుంటే నవ్వేదానివి.

సైన్సు ఫేర్ ఎప్పుడు? ఆగస్టులో రాసిన ఉత్తరంలో అంత తొందర ఎందుకో అర్థం కాలేదు.

ప్రేమతో,
ప్రసూన


తునికిమడుగు,
సెప్టెంబర్.

మేడం,

మీరు చెప్పినట్టే పక్క నుంచి తీసిన. జర నయం. కానీ ఈ పురుగు తిన్నగ ఉండదు. దగ్గరికి పోతే తోక పైకి లేపి తేలు లెక్క వంచుతది. ఇగ తోక ఒక దూరంల, తల ఇంకో దూరంల. ఫోన్‌తోని వెంట్రుకవాసి జరుపుడు నాతోని కాలే. వేలు పెట్టంగనే ఫోన్ కదులుతది. ఫ్యాన్ బంద్ చేసిన. కిటికీలు మూసిన. ఊపిరి పట్టి తీసిన. సరిగ్గ నడుము దగ్గరికి వచ్చేసరికి అది లేచి నడిచిపోయింది.

వచ్చిన వాటిల్ల మంచిది ఒకటి ప్రింట్ తీపిచ్చి భద్రాచలం దవాఖానల స్కిన్ డాక్టర్‌కు చూపిచ్చిన. ఆయన అద్దాలు తీసి, పెట్టుకొని, మళ్లీ తీసి చూసిండు. "నేననుకునే పురుగే కావచ్చు, చీమ కూడ కావచ్చు. మధ్యలో రెక్క పొట్టిగ ఉందో లేదో కనపడాలె, పొట్ట మీద రంగులు ఎక్కడ మారినయో కనపడాలె. గిట్ల మసకగ ఉంటే నేను కాగితం మీద రాసియ్యలేనమ్మా," అన్నడు. ఆయన తప్పు లేదు.

పురుగును సీసాల వేసి ఊరోళ్లకు చూపిస్తే, "ఇది చీమ గాదా?" అని నవ్విన్రు. గింతదాన్ని చూసి ఎవరు నమ్ముతరు. పెద్దగ, తేటగ ఫొటో ఉంటెనే పని అయితది.

మీ దగ్గర పాత కెమెరా ఏదన్న ఉంటే ఇయ్యగలరా? పాడు చెయ్యను. అడగడానికి మొఖం లేదు, అయినా అడుగుతున్న.

సోని


ఖానాపురం హవేలి,
సెప్టెంబర్ మధ్యలో.

సోనీ,

కెమెరా, మాక్రో లెన్సు, చిన్న స్టాండు ఒక డబ్బాలో పెట్టి, భద్రాచలం బస్సులో పార్శిల్ చేశాను. రసీదు ఈ ఉత్తరంతో పాటు ఉంది. పాతదే కాని మంచి కెమెరా. ఆటో ఫోకస్ తీసెయ్యి. వెలుతురు సెట్టింగు ఒకసారి పెట్టాక మళ్లీ ముట్టుకోకు, లేకపోతే ఒక ఫొటో తెల్లగా, ఒకటి నల్లగా వచ్చి కలవవు. టైమర్ పెట్టి, నొక్కి, చెయ్యి తీసెయ్యి. అది తనంతట తను తీసుకుంటుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగుని కనిపించీ కనిపించనట్టు తిప్పాలి, పసిపిల్ల నిద్రలో ఉన్నప్పుడు తలుపు మూసినట్టు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పురుగులు మందకొడిగా ఉంటాయి, అప్పుడు తియ్యి. పక్కన తెల్ల థర్మకోల్ ముక్క పెడితే నీడలు తగ్గుతాయి.

ఇక ఇంకో సంగతి.

నీ మొదటి ఉత్తరం రాకముందే పేపర్లో జిల్లా పేజీలో ఒక వార్త చూశాను. తునికిమడుగు హాస్టల్లో ఆడపిల్లల ఒంటి మీద వాతలు, వార్డెన్ మీద తల్లిదండ్రుల ఆరోపణ, విచారణ అని. నీ పేరు లేదు. నీ ఉత్తరం చూశాకే ఆ వార్డెన్‌వి నువ్వని తెలిసింది. నువ్వే చెబుతావని ఆగాను. సైన్సు ఫేర్ అన్నావు. సరే అనుకున్నాను. ఇప్పుడు స్కిన్ డాక్టర్ అంటున్నావు.

నీకు పురుగు మీద అనుమానం ఉందని అర్థమైంది. నాకూ ఇప్పుడు అదే అనిపిస్తోంది. కానీ ఫొటో కలపడానికి కూర్చునే ముందు ఒక్క మాట అడగాలి. కోప్పడకు.

పిల్లల మీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నావా?

ప్రసూన


తునికిమడుగు,
అక్టోబర్.

ప్రసూన మేడంకు,

మీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది. కెమెరా గూడ అందింది. జవాబు రాయబుద్ధి కాలే.

జంపక్క అని ఇక్కడ ఒక పిల్ల తల్లి. ఆమె హాస్టల్ గేటు కాడ నలుగురిల నిలబడి అరిచి అడిగింది. మీరు మెల్లగ, కోప్పడకు అని రాసి అడిగిన్రు. రెండూ ఒకటే ప్రశ్న. ఊరంతా అడిగినంక మీరన్న అడగరనుకున్న.

అడిగిన్రు గాబట్టి చెప్తున్న. మొత్తం చెప్తున్న.

వానలు మొదలైనంక, జంపక్క బిడ్డ నందిని, ఏడో తరగతి, పొద్దున లేచేసరికి మెడ మీద ఎర్రగ ఒక గీత. కాల్చిన చువ్వ పెట్టి గీసినట్టే ఉన్నది. రెండో రోజుకు బొబ్బలెక్కింది. ముందు రోజే నేను దాన్ని తిట్టిన. చెప్పకుండ కాంపౌండ్ దాటి వాగు కాడికి పోయింది. వాన నీళ్లు దుంకుతున్నయి, కొట్టుకపోతే నేనేం కావాలె? గట్టిగనే తిట్టిన. అన్నం తినకుండ పండుకున్నది. పొద్దునకు గీత. ఇంకేం కావాలె చెప్పండి. తర్వాత ఇంకొకామెకు తొడ మీద, ఒక చిన్నదానికి కన్ను రెప్ప వాచి మూసుకపోయింది. అందరికీ గట్లనే కాలిన తీరు. నేనే దవాఖానకు తీస్కపోయిన. మందు రాసిచ్చిన్రు, ఎందుకు అయిందో తెల్వదన్నరు.

జంపక్క వచ్చి బిడ్డ మెడ చూసి, "వాత పెట్టినవా? మా కోయపిల్ల గాబట్టి పెట్టినవ్. మీ తండా పిల్లయితే పెట్టేదానివా?" అన్నది. నేనేం అనాలె. ఊరి పెద్ద బొజ్జయ్య నందినిని ముందల నిలబెట్టి, "మేడం పెట్టిందా బిడ్డా?" అని అడిగిండు. అది భయపడి తల దించుకున్నది. పెట్టిందనలే, పెట్టలేదనలే. ఆ ఊకుండుడే అందరికీ అవ్ అన్నట్టు వినపడ్డది.

మేడం, తిట్టుడు నిజం. ఎక్కాలు రాకపోతే నిలబెట్టుడు నిజం. ఒకసారి ఒకదాని పుస్తకం గుంజి విసిరేసిన, అది గూడ నిజం. చెయ్యి మాత్రం లేపలే. మా తండాల నన్ను సదువుకు పంపుతుంటె పొయ్యిల కట్టె తీసి కొట్టబోయినోళ్లున్నరు. నాకు తెల్వదా కాల్చుడంటే.

ఇప్పుడు నన్ను హాస్టల్ బిల్డింగుల అడుగు పెట్టొద్దన్నరు. విచారణ అయ్యేదాక కాంపౌండ్‌ల క్వార్టర్‌లనే ఉండాలె. పిల్లలు ప్రేయర్‌కు పోతుంటె కిటికీల నుంచి చూస్త. ఒక్కతి గూడ నా దిక్కు తలెత్తదు. చూస్తే ఎవరన్న ఏమన్న అంటరని భయమేమో.

పురుగు సంగతి ఎట్ల తెలిసిందంటే, నా రూంల గోడ మీద ఉన్నదాన్ని చెప్పుతోని కొట్టిన. అది చెప్పుకు అంటుకున్నది, మళ్ల ఆ చెప్పే కాలికి తొడిగిన. రెండో రోజు పాదం పక్కన గదే గీత, గదే బొబ్బ. అప్పుడు నా బుర్రకు ఎక్కింది.

ఫొటోలు తీసిన. వాన పడి తెల్లారినంక నా క్వార్టర్ వెనక స్నానాల గోడ మీద ఒకటి కదలకుండ కూసున్నది. మీ స్టాండు పెట్టి మీసాల నుంచి మొదలుపెట్టిన. మీరు చెప్పినట్టే రింగు తిప్పిన. సగానికి వచ్చినంక నా చీర కొంగు గాలికి లేచి దాని మీదికి పోబోయింది. కొంగు నోట్ల కరుచుకొని తీసిన. తోక చివరి దాక అయినంక గప్పుడు ఎగిరిపోయింది. కార్డు పంపుతున్న. నమ్మితే కలపండి, లేకపోతే వాపసు పంపండి.

సోని


ఖానాపురం హవేలి,
అక్టోబర్.

సోనీ,

కార్డు, కోపం రెండూ అందాయి. రెండూ భద్రంగానే ఉన్నాయి.

అవును, ఒకటే ప్రశ్న. జంపక్క ఏ హక్కుతో అడిగిందో నేనూ ఆ హక్కుతోనే అడిగాను, ఆ పిల్లల తరపున. నేను అడగకుండా నమ్మానంటే, ఎప్పుడో ఇంటర్లో చూసిన అమ్మాయిని నమ్మినట్టు, నిన్ను కాదు. ఇప్పుడు నువ్వు పుస్తకం విసిరేసిన సంగతి కూడా రాశావు. అది దాచి ఉంటే నాకు ఇంకా అనుమానం మిగిలేది. ఇక నా దగ్గర ప్రశ్నలు లేవు.

నీ ఫొటోలు కలపడానికి ఆదివారమంతా పట్టింది. ముప్పైదాకా తీశావు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎందుకూ పనికిరాని ఫొటోలే. ఒక దాంట్లో రెండు మీసాలు తప్ప ఏమీ లేదు. ఒక దాంట్లో ఒక కాలి మోకాలు. మధ్యలో ఒకటి కొంచెం అదిరింది, నువ్వు కొంగు కరుచుకున్నది అక్కడే అయుంటుంది. దాన్ని తీసేస్తే అక్కడ నడుము మీద సన్నటి మసక చార మిగిలింది. దాని ముందూ వెనకా ఉన్న వాటి నుంచి కొంచెం కొంచెం తీసి చేత్తో సర్దాను. ఆఖరికి తెర మీద పురుగు నిండుగా వచ్చింది. మా ఆయన్ని పిలిచి చూపించాను. "అబ్బ, దీని కాళ్లకి కూడా వెంట్రుకలున్నాయే," అన్నారు.

నల్లటి తల. ఎర్రటి మెడ. మధ్యలో పొట్టి రెక్కలు, నెమలిపింఛం నీలం, ఒంటిని సగం కూడా కప్పవు. తర్వాత ఎర్రటి పొట్ట, చివర నల్లటి తోక. ఇది చీమ కాదు, పేడరస్ అనే పురుగు. కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు మనం నలిపితే లోపలి రసం చర్మానికి అంటి కాలుస్తుంది. వెంటనే కాదు, మర్నాడో ఆ మర్నాడో. అందుకే పిల్లలకి ఎక్కడ అంటిందో గుర్తుండదు. నిద్రలో మెడ మీద చేత్తో రాసుకుంటే రాసినంత మేరా గీత పడుతుంది. వరి పొలాలు, వానాకాలం, ట్యూబ్‌లైట్ - మూడూ మీ హాస్టల్ దగ్గర ఉన్నాయి.

ఫొటోతో పాటు నాకు తెలిసింది రాసి ఆ స్కిన్ డాక్టరు గారికి పంపాను. ఆయన పిల్లల కేసు కాగితాలు కూడా తెప్పించుకుని చూసి, రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ కాగితం ఇందులో ఉంది. ఫొటోని తలుపంత ఫ్లెక్సీ వేయించి బస్సులో పంపుతున్నాను. విచారణ రోజు అందరూ చూసేలా కట్టించు.

పాదానికి ఏం రాస్తున్నావు? బొబ్బ చిదమకు.

ప్రసూన


తునికిమడుగు,
అక్టోబర్ చివర.

మేడం,

విచారణ అయింది. మొత్తం రాస్త, నిమ్మళంగ కూసోని చదవండి.

అన్నాల హాల్ గోడకు ఫ్లెక్సీ కట్టిపిచ్చిన. పెద్దాఫీసర్ వచ్చిండు, బొజ్జయ్య వచ్చిండు, తల్లులు వచ్చిన్రు. తాళ్లు విప్పి ఫ్లెక్సీ కిందికి వదలంగనే ఐదో తరగతి పిల్లలు "అమ్మో!" అని వెనక్కి జరిగిన్రు. తర్వాత ఒకరి మీద ఒకరు పడి ముందుకు వచ్చిన్రు. "గిదే! చదువుకునే కాడ పుస్తకంల పడతది." "నా దుప్పటి మీద గూడ ఉండె." సీసాల చూపిస్తే చీమ అన్నోళ్లే మేడం. ఇప్పుడు ఏ రంగు తర్వాత ఏ రంగో వాళ్లే చెప్తున్నరు.

నందిని అందరికంటే వెనక నిలబడ్డది. మెల్లగ ముందుకొచ్చి ఆ ఎర్ర మెడ మీద వేలు పెట్టింది. "వాగు కాడికి పోయొచ్చిన రాత్రి దీన్నే నా మెడ మీద నలిపిన," అన్నది. బొజ్జయ్య, "మరి గా దినం ఎందుకు చెప్పలే?" అన్నడు. "మీరు పురుగు గురించి అడగలే గదా. మేడం గురించి అడిగిన్రు. చెప్పకుండ వాగు కాడికి పోయిన అని గూడ చెప్పాల్సి వస్తదని భయమైంది."

ఆఫీసర్ డాక్టర్ కాగితం చదివిండు, తలూపిండు. ఇగ అయిపోయిందనుకున్న. అప్పుడు జంపక్క లేచింది.

"గీ పురుగును పొలంల చిన్నప్పటి నుంచి చూస్తున్న. గింత పురుగు వాత పెడతదా? బిడ్డకు మీరు నేర్పిచ్చి ఉంటరు. కాగితాలు మీయి, ఫొటోలు మీయి."

ఆఫీసర్ చేతుల కాగితం మళ్లీ తిరగేసిండు. మిగతా తల్లులు ఆమె దిక్కే చూస్తున్నరు. నాకు ఏం తోచిందో తెల్వదు. టేబుల్ మీద నేను తెచ్చిన సీస ఉన్నది, అండ్ల బతికున్న పురుగు ఉన్నది. మూత తీసి నా ఎడమ చెయ్యి మీద పోసుకొని, కుడి చేత్తోని నలిపి గీసిన. మోచేతి నుంచి మణికట్టు దాక. ఆఫీసర్ "ఏయ్, ఏం చేస్తున్నవమ్మా!" అని లేచిండు.

"జంపక్కా, రెండు రోజులు ఈడనే ఉండు," అన్న. "నా ఎంబడే ఉండు. నేను పొయ్యి కాడికి పోతే సూడు. నా చెయ్యి మీద వాత రాకపోతే నువ్వన్నదే నిజం, నేను సంచి సర్దుకొని పోత."

ఆమె ఇంటికి పోయి చాప తెచ్చుకొని నా క్వార్టర్ అరుగు మీద పరిచింది. నిజంగనే ఉన్నది మేడం. నేను టీ పెట్టుకుంటే గూడ వచ్చి నిలబడ్డది. ఆమెకు గూడ పోసిచ్చిన, తాగలే. తెల్లారి చెయ్యి పట్టి చూసింది. ఏం లేదు. నున్నగ ఉన్నది. "ఏం లేదు గదా," అన్నది. ఒకవేళ రాకపోతే? నా ఒంటికి పడకపోతే? కాలిపోవాలె దేవుడా అని ఎవరన్న మొక్కుకుంటరా మేడం, నేను మొక్కుకున్న.

ఆ పొద్దుగూకే యాళ్లకు దురద మొదలైంది. తర్వాత మంట. మర్నాడు పొద్దున మోచేతి నుంచి మణికట్టు దాక ఎర్రగ, సక్కగ, చువ్వ పెట్టి కాల్చినట్టే గీత. మీద సన్న బొబ్బలు. బయటికి పోయి జంపక్క ముందల చెయ్యి చాపిన.

ఆమె వంగి, మోచేతి కాడ మొదలుపెట్టి గీత మొత్తం చూసింది.

"మండుతాందా?" అని అడిగింది.

"అవ్. మస్తు మండుతాంది."

"నా బిడ్డకు గూడ గిట్లనే మండింది గదా," అన్నది. అని నా చెయ్యి తన ఒళ్లె పెట్టుకొని ఏడ్చింది. తప్పయింది అనలే. నేను గూడ అనిపిచ్చుకోవాలనుకోలే. ఇద్దరం ఆ అరుగు మీదనే కూసున్నం. తర్వాత చాప మడుచుకొని పోయి, మిగతా తల్లులకు ఆమెనే చెప్పింది.

సోని


ఖానాపురం హవేలి,
నవంబర్.

సోనీ,

నీ ఉత్తరం కాలేజీ స్టాఫ్ రూమ్‌లో చదివాను. సీసా మూత తీశావన్న చోట పైకే "అయ్యో" అన్నాను. అందరూ తలెత్తారు.

బుద్ధుందా నీకు? ఆ రసం పొరపాటున కంట్లో పడి ఉంటే? ఒక పురుగుని తల నుంచి తోక దాకా తేటగా చూపిస్తే చాలు, మనుషులు నమ్ముతారు అనుకున్నాను నేను. మన పాఠం అంతవరకే. జంపక్కకి కావాల్సింది పురుగు వివరం కాదని నీకు తోచింది, నాకు తోచలేదు. అయినా చెబుతున్నా, ఇంకెప్పుడూ అలాంటి పని చేయకు. నేను పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు ఆ భాగం తీసేసి చెబుతాను.

జిల్లా ఆరోగ్య శాఖ వాళ్లు నీ ఫొటో అడిగారు, అడవి పక్కనున్న మిగతా హాస్టళ్లలో కట్టడానికి. కింద ఫొటో తీసిన వాళ్ల పేరు నీదే వేయమన్నాను. "కొట్టొద్దు, నలపొద్దు, ఊదెయ్యండి. అంటితే వెంటనే సబ్బుతో కడగండి," అని రాయమన్నాను. కిటికీలకి జాలీలు కూడా వేయిస్తామన్నారు. వేయించేదాకా అడుగుతూనే ఉండు.

నీకు బదిలీ కావాలంటే అడుగు, ఇప్పుడు ఎవరూ కాదనరు. ఏన్కూరు వైపు మీ అమ్మకి దగ్గరగా ఉంటావు. అక్కడే ఉండి తీరాలని ఎవరూ అనకూడదు, నేను కూడా అనను. నీ మనసు ఎలా ఉందో రాయి.

ప్రసూన


తునికిమడుగు,
డిసెంబర్, చలి మొదలైంది.

ప్రసూన మేడంకు,

ఆర్డర్ వచ్చింది. ఆరోపణ రుజువు కాలేదని రాసిన్రు. మళ్లీ హాస్టల్ల అడుగు పెట్టిన. లైట్లు కిటికీలకు దూరం జరిపిచ్చిన, జాలీలు సగం వచ్చినయి. చెయ్యి మానింది, నల్లటి చార మిగిలింది.

నా మనసు అడిగిన్రు. నిజం చెప్తే, బదిలీకి దరఖాస్తు రాసి పెట్టిన మేడం. భద్రాచలం పోయి ఫోన్ చేసినప్పుడల్ల మా అమ్మ పూలి గూడ ఒకటే పోరు, "వచ్చెయ్ బిడ్డా, వాళ్ల మధ్యల నీకెందుకు," అని. కారణం అది గాదు. నా చేతులు మారినయి. పిల్లలు దగ్గరికి వస్తే తెల్వకుండనే చేతులు వెనక్కి పెట్టుకుంటున్న. జ్వరమొస్తే నుదురు ముట్టి చూడాలె గదా, థర్మామీటర్ ఇచ్చి దూరం నిలబడుతున్న. గొంతు లేస్తే నాకే భయం. మంచిగ మాట్లాడుతరు అందరు, నేనే ఒక గీత గీసుకొని ఇవతల ఉంటున్న. గిట్ల వార్డెన్ ఎందుకు, బొమ్మను నిలబెట్టినా అయితది అనుకున్న.

మొన్న ఆదివారం మెట్ల మీద కూసోని బియ్యం ఏరుతున్న. ఆడపిల్లలు రేగుచెట్ల దిక్కు ఆడుకుంటున్నరు. నందిని కుంటుకుంట వచ్చింది. నా పక్కన కూలబడి, పళ్లెం పక్కకు జరిపి, మట్టి కాలు తెచ్చి నా ఒళ్లె పెట్టింది.

"రేగుముల్లు మేడం. తియ్యండి."

"వంటామెను పిలుస్త ఉండు," అన్న.

"ఆమె పొడుస్తది. మీరే తియ్యండి."

పిన్నీసు తీసిన. మడిమె పట్టుకొని ముల్లు పక్కన జర నొక్కిన, అంతే, అది హాస్టలంతా వినపడేటట్టు "అమ్మా!" అని అరిచింది. ఆడుకునే పిల్లలందరు తిరిగి చూసిన్రు. గేటు కాడ ఎవరో పోతున్నరు, వాళ్లు గూడ ఆగిన్రు. నా చేతుల ఆ పిల్ల కాలు, నా చేతుల పిన్నీసు. కాలు వదిలేసిన.

నందిని నా మొఖం దిక్కు చూసి విసుక్కున్నది.

"ఆగిన్రేంది మేడం? ఇంకా లోపలనే ఉన్నది."

మళ్లీ పట్టుకున్న. అది మళ్లీ అరిచింది, నేను వదలలే. ముల్లు వచ్చింది, పొడుగ్గనే ఉన్నది. ఇగో చూడు అని చూపిద్దామనుకునేలోపల అది లేచి, కుంటుకుంట, వాళ్ల గోలల కలిసిపోయింది. వెనక్కి తిరిగి చూడలే. థాంక్స్ లేదు, ఏం లేదు. మా అమ్మ ముల్లు తీస్తే నేను గూడ గట్లనే ఉరికేదాన్ని.

మెట్ల మీద ఒక్కదాన్నే కూసోని ఏడ్చిన మేడం. నా లంగావోణీ రోజుల నుంచి గంత ఏడుపు ఎప్పుడు రాలే. తర్వాత లేచి బియ్యం ఏరుడు అయిపోగొట్టి, పిల్లలకు అన్నం పెట్టిన. దరఖాస్తు చింపిన.

ఇక్కడనే ఉంట.

మీ సోని